కుందేటికొమ్ముకు పువ్వు

మూలం: “గండికోట కొండెక్కుతుంటే ఎవరికీ తెలియని ఎడారి పువ్వొకటి కొత్తగా కనబడింది.”

టీక: గండికోట యనగా జమ్మలమడుగుకు పడమట పెన్న ఎర్రమల కొండలను కోసుకొని పారే చోటు. కొండెక్కుట యనగా బూట్లు, నీళ్ళసీసా, ఫోను సహితంగా అని అధ్యాహారం. ఎడారి యనుట అతిశయోక్తి. ఇది వాన మొహం చాటేసే మెట్టసీమ, అంతే. అయినా మూలకర్తను కొంత సమర్థించవచ్చు. భూగర్భ శాస్త్రజ్ఞులు ఒకదానికి పులివెందుల పేరు, ఒకదానికి గండికోట పేరు పెట్టుకున్న క్వార్ట్‌జైట్ రాతిపొరలున్న నేల ఇది. ఆ బండల మీద వాన నిలవదు కనుక సందుల్లో బతికే మొక్కకు ఎడారి నడవడే అబ్బుతుంది. ప్రస్తుత పుష్పం తాలూకు మొక్కకు చెప్పుకోదగ్గ ఆకుల్లేవు. పలకలుదేరిన పచ్చటి కాడే ఆకు పనీ చేస్తుంది. పగలు రంధ్రాలు మూసుకొని, రాత్రి చల్లబడ్డాక గాలి పీల్చి, నీటిని పొదుపు చేస్తుంది. పైకి పోనుపోను సన్నబడే ఆ కాడకు వానల తరువాత అయిదు కోణాల నల్లూదా పూలు తలవంచుకొని పూస్తాయి. శాస్త్రజ్ఞులకు ఇది కారల్లుమా అడ్సెండెన్స్. ఊళ్ళలో కుందేటికొమ్ములు.

ఇక్కడ తార్కికుడు అడ్డుపడతాడు. లేనివాటికి ఉదాహరణగా శాస్త్రాలు తరతరాలుగా కుందేటికొమ్మునూ ఆకాశపుష్పాన్నీ చూపిస్తుంటే, ఆ కొమ్ముకు పువ్వు కూడానా? అది రెండింతలు అసత్యం కాదా? కాదు. ప్రత్యక్షం ముందు అనుమానం నిలవదు. పైగా ఆ పువ్వు మీద వాలిన ఈగలు తర్కం చదువుకోలేదు. వాటి సాక్ష్యంలో పక్షపాతం ఉండదు.

అసలు చిక్కంతా ‘ఎవరికీ తెలియని’ అన్న విశేషణంతోనే. ప్రొద్దుటూరులో గీటురాయి మీద గీయని బంగారాన్ని ఎవరూ నమ్మరు. దీన్నీ గీసి చూద్దాం. మేకల కాపరులు ఆ కాడను పచ్చిగా నమిలి తింటారు, ఇళ్ళలో పచ్చడి నూరుతారు. 1795లో లండన్‌లో అచ్చయిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ ఈ మొక్క బొమ్మ వేయించి, ‘కార్‌అల్లం’ అన్న తెలుగు పేరునూ ఎక్కించాడు. తరువాత రాబర్ట్ బ్రౌన్ ఆ పేరుతోనే ప్రజాతికి కారల్లుమా అని నామకరణం చేశాడు. తెలుగువాడు చెబితే లాటినులోకి ఎక్కిన మొక్కను ఎవరికీ తెలియనిదనడం ఎట్లా? ‘కాపరికి తెలిసింది కాడేగాని పువ్వు కాదు, తినేవాడు పూసేదాకా ఆగుతాడా’ అని ఆక్షేపించవచ్చు. అది తెలివైన ఆక్షేపణే. కానీ ఏటా అవే గట్ల వెంట మందను తోలేవాడు ఒక్క కాడనైనా పూసి ఉండగా చూడలేదనడం సాహసం. కాబట్టి ‘తెలియని’ అన్నదాన్ని పువ్వుకు కాక ఎక్కినవాడికి అన్వయించాలి. వ్యాకరణం ఒప్పుకోకపోయినా న్యాయం ఒప్పుకుంటుంది.

ఇక ‘కొత్తగా’. ఈ పదం కొండ మీద చెల్లదుగాని అంగట్లో చెల్లుతుంది. కాపరి ఆకలి చంపుకోవడానికి నమిలిన కాడ సారమే ఇప్పుడు, ఆకలి చంపి ఒళ్ళు తగ్గిస్తుందంటూ, గుళికలుగా దేశదేశాల్లో అమ్ముడవుతోంది. ఆ గుళికల మహిమకు గట్టి రుజువులు తక్కువే. అయితే అది వేరే మూలం. దానికి టీక రాసేవాళ్ళు వేరే ఉంటారు.