అంతా పిల్లల కోసమే

పెరట్లో స్పోర్ట్ కోర్టు వేయిద్దామని మా ఆయన అన్నది పిల్లల కోసం. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మగవాళ్ళు కొనేవన్నీ పిల్లల కోసమే: గోడంత టీవీ, బార్బెక్యూ పొయ్యి, లైటు పచ్చబడగానే రివ్వున ఎగిరే కారు. పిల్లల్ని పిలిచి అడిగితే అబ్బాయి బాస్కెట్‌బాల్ అన్నాడు, అమ్మాయి బ్యాడ్మింటన్ అంది. “సరే అయితే, పికిల్‌బాల్ కోర్టు వేయిస్తా. మీ ఆటలు అందులోనే ఇమిడిపోతాయి” అన్నారాయన.

ఇమడటం మాత్రం నిజమే. పికిల్‌బాల్ కోర్టు 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు. డబుల్స్ బ్యాడ్మింటన్ కోర్టూ సరిగ్గా అంతే. కారణం ఉంది. 1965లో సియాటిల్ దగ్గర బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో జోయెల్ ప్రిచర్డ్, ఆయన స్నేహితుడు బిల్ బెల్ గోల్ఫ్ ఆడి ఇంటికొచ్చేసరికి ఇంటిల్లిపాదీ ఏమీ తోచక కూర్చున్నారు. పెరట్లో పాత బ్యాడ్మింటన్ కోర్టయితే ఉంది గానీ సామాను సరిగా లేదు. టేబుల్ టెన్నిస్ బ్యాట్లు, చిల్లుల ప్లాస్టిక్ బంతి పట్టుకొచ్చి మొదలుపెట్టారు. త్వరలోనే నెట్‌ని మూడడుగులకి దించారు. అంటే ఈ ఆట పుట్టిందే పెరట్లో, ఇంట్లోవాళ్ళకి కాలక్షేపం కోసమని. ఆ తర్వాత పెద్దవాళ్ళు లాగేసుకున్నారు. మా ఇంట్లో జరిగిందీ చరిత్రకి విరుద్ధమేమీ కాదు.

ముందు కాలనీ సంఘం (హెచ్‌ఓఏ) అనుమతి కావాలి. ఇల్లు మనది, అప్పు మనది, కంచెకి వేసే రంగు మాత్రం హెచ్‌ఓఏది. కోర్టు ఏ రంగు? దీపాల వెలుగు పక్కింటి కిటికీలో పడుతుందా? బంతి చప్పుడు సంగతేమిటి? చివరి ప్రశ్న తీసిపారెయ్యాల్సింది కాదు. గట్టి బ్యాటు మీద గట్టి ప్లాస్టిక్ బంతి టక్కు టక్కుమని కొట్టే ఆ చప్పుడు మీద ఈ దేశంలో దావాలు కూడా నడిచాయి. మా ఆయన ఉద్యోగానికి కూడా అంత శ్రద్ధగా దరఖాస్తు రాసి ఉండరు.

తవ్వే ముందు 811కి ఫోన్ చెయ్యడం ఇక్కడి చట్టం. చేస్తే మనుషులొచ్చి భూమిలో ఏ గొట్టం ఎక్కడుందో చూసి జెండాలు పాతి వెళ్తారు. ఎరుపు కరెంటుకి, పసుపు గ్యాసుకి, కాషాయానికి దగ్గరగా ఉండే నారింజ రంగు ఫోన్, ఇంటర్నెట్ తీగలకి, నీలం నీళ్ళకి, ఆకుపచ్చ మురుగుకి. అత్తయ్యగారు పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరట్లోకెళ్ళి ఆగిపోయారు. “ఏమ్మా, అన్ని పార్టీలవాళ్ళూ మన ఇంటికే వచ్చారేంటి?” అన్నారు. ఏ జెండా దేనికో నేను ఒక్కొక్కటే చెప్పాను. మురుగుది ఏ రంగో అని రెండోసారి అడిగి తెలుసుకుని, తృప్తిగా తలూపారు.

తవ్వకం మొదలయ్యాక ఆవిడే మళ్ళీ వెళ్ళి పిడికెడు మట్టి నలిపి చూశారు. అత్తయ్యగారిది పల్నాడు. “ఒరే, ఇది నల్లరేగడిరా! పత్తి వేసుకోక సిమెంటు పోస్తారేంట్రా?” అన్నారు. అక్షరాలా నిజం. డాలస్ చుట్టుపక్కల చాలా నల్లభూములు ఒకప్పుడు పత్తి చేలే. ఈ మట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. వేసవిలో ఇక్కడివాళ్ళు ఇంటి పునాది చుట్టూ చిల్లుల పైపులు పరిచి నీళ్ళు పెడతారు, లేకపోతే గోడలు బీటలిస్తాయి. అందుకే కోర్టు స్లాబులో ఉక్కు కేబుళ్ళు పరిచి, కాంక్రీటు గట్టిపడ్డాక జాకీ పెట్టి లాగి బిగించారు. ఆ కేబుళ్ళ ఖర్చు విన్నాక నాకూ పత్తే మేలనిపించింది.

అసలు చర్చ వాలు దగ్గర వచ్చింది. వాన నీళ్ళు నిలవకుండా కోర్టుకి ప్రతి 10 అడుగులకీ ఓ అంగుళం వాలు పెడతారు, అదీ ఒకే వైపుకి. ఏ వైపుకని అత్తయ్యగారు అడగమన్నారు. కాంట్రాక్టరు చేత్తో చూపించాడు. ఆవిడ సూర్యుణ్ణి చూసి లెక్కకట్టి, “ఈశాన్యం! వీడికి వాస్తు తెలుసే” అన్నారు. అతనికి తెలిసింది మునిసిపాలిటీ డ్రైనేజీ నిబంధనలు. ఆ సంగతి నేను చెప్పలేదు. ఆ రోజు నుంచి అతనికి రెండు పూటలా టీ, ఓ గిన్నెడు పులిహోర.

కాంక్రీటు పోశాక 28 రోజులు ఆగి రంగు వెయ్యాలి. ఆ నాలుగు వారాలూ కోర్టుని పూర్తిగా వాడుకున్నది అత్తయ్యగారొక్కరే. స్లాబు 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. అంచు వెంట 29 ప్రదక్షిణలు చేస్తే దాదాపు మైలు.

ఇక గీతలు. పికిల్‌బాల్‌లో నెట్ నుంచి 7 అడుగుల దాకా నిషిద్ధ జాగా, అక్కడ నిలబడి బంతిని గాల్లోనే కొట్టకూడదు. బ్యాడ్మింటన్ సర్వీసు గీత నెట్‌కి ఆరున్నర అడుగుల దూరంలో ఉంటుంది. రెండు గీతల మధ్య ఆరంగుళాలు. మా ఇంట్లో దాయాదుల తగవులన్నీ ఆ ఆరంగుళాల గట్టు మీదే. వీటి మధ్యలోంచి బాస్కెట్‌బాల్ ఫ్రీత్రో గీత ఒకటి.

అమ్మాయి బ్యాడ్మింటన్‌లో మరో పి.వి. సింధు కావాలని మా ఆయన ఆశ. ఫ్రిస్కో గాలికి షటిల్ పక్కింటి ఈతకొలనులో పడుతోంది. అమ్మాయి ఇప్పుడు జిమ్‌లో ఆడుకుంటోంది, నెల ఫీజు మాదే. అబ్బాయికి కారు నడపడం వచ్చింది, వాడిక ఇంట్లో ఉండడు. శనివారం పొద్దున ఎనిమిదయ్యేసరికి మాత్రం ఎనిమిది మంది నడివయసు మగవాళ్ళు మోకాళ్ళకి పట్టీలతో హాజరు. నలుగురు ఆడతారు, నలుగురు మోకాళ్ళ గురించి మాట్లాడతారు, ఎనిమిది మందీ మిరపకాయ బజ్జీలు తింటారు. వాళ్ళ పిల్లలు ఎవరిళ్ళల్లో వాళ్ళు నిద్రపోతుంటారు.

మీ ఇంట్లోనూ ఎవరైనా పిల్లల కోసమని టేపు పట్టుకుని పెరట్లో తిరుగుతుంటే, ఆపలేరు. ముందు 811కి మాత్రం ఫోన్ చేయించండి. ఈ మొత్తం వ్యవహారంలో డబ్బులడగనిది ఆ ఫోన్ ఒక్కటే.