పదింటికల్లా కురుక్షేత్రం బంద్

మా ఊరి జాతరలో కురుక్షేత్రం ఆడితే కృష్ణులు ముగ్గురు. పడకసీనుకొకరు, రాయబారానికొకరు, గీత చెప్పడానికొకరు. తెల్లవార్లూ ఒక్క గొంతే లాగలేదు గనక పెద్దలు చేసిన ఏర్పాటిది. తిరుపతి వేంకట కవుల పద్యం, దాని చివర ఊపిరాడనంత రాగం, ఆపైన వన్స్ మోర్. ఒక్క పడకసీనే గంటన్నర పడుతుంది.

2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలేమో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు వద్దన్నాయి. భోజనాలై, జనం చేరి, ప్రార్థన పద్యం అయ్యేసరికే తొమ్మిదిన్నర. పదింటికి ఆపేస్తే కృష్ణుడు నిద్రే లేవడు. యుద్ధం రద్దు, పద్దెనిమిది అక్షౌహిణులూ క్షేమం. లోకానికి మంచిదే గానీ చందాలిచ్చినవాళ్లు ఊరుకుంటారా?

అందుకని సమితి కట్టి, అర్జీ పట్టుకుని స్టేషనుకెళ్లాం. ఎస్సైగారు కుర్రవాడు, రూల్సు కంఠతా వచ్చినవాడు.

"పండగలకైతే ప్రభుత్వం ఏడాదికి పదిహేను రోజులు మించకుండా పన్నెండు దాకా సడలించొచ్చండీ. 2005లో సుప్రీంకోర్టు కూడా దానికి సరేనంది. అంతకు మించి కుదరదు."

"పన్నెండింటికి రాయబారం సగంలో ఉంటుంది బాబూ!"

"అయితే సంధి కుదిర్చేసి ఇళ్లకెళ్లండి."

మైకు తీసేసి హార్మోనియంతో సరిపెట్టుకుంటామన్నాం. 2010 సవరణ తీశాడు: రాత్రిపూట వాద్యాలూ కూడవు. తలుపులు మూసిన హాళ్లకూ, అత్యవసర పరిస్థితికీ మాత్రమే మినహాయింపు. పద్మవ్యూహంలో అభిమన్యుడిది అత్యవసరం కాదా అని మా కార్యదర్శి లేచాడు. కూర్చోబెట్టాం.

నిజం చెప్పాలంటే ఆ రూలు మీద నాకు కోపం లేదు. బాలింతలున్నారు, పరీక్షల పిల్లలున్నారు. ఇళ్ల మధ్య రాత్రి హద్దు 45 డెసిబెల్స్; మా దుర్యోధనుడు మైకు లేకుండా దగ్గినా అది దాటుతుంది. మేమడిగేది ఏడాదికొక్క రాత్రి, అంతే.

ఊరంతా సమ్మతేనని చూపించడానికి ఇంటింటికీ సంతకాలకు బయల్దేరాం. గుడి పక్కింటి రిటైర్డు మాస్టారు అర్జీ అంతా చదివి, కళ్లజోడు తీశారు.

"తెల్లవార్లూ ఆడుకోండర్రా, నాకేం అభ్యంతరం లేదు. ఆ గీత చెప్పే కృష్ణుణ్ణి మాత్రం మార్చండి. శ్రుతి ఒక దారి, ఆయనొక దారి. ఆ ముక్క కింద రాయండి, సంతకం పెడతాను."

రాయడానికి కలం ఆ మూడో కృష్ణుడి దగ్గరే ఉంది. సమితి కోశాధికారి ఆయనే. షామియానా కూడా ఆయనదే.