కింది దవడ మీద నా కాపురం

నేను మామ్మ కింది పళ్ళ సెట్టుని. నోటి అచ్చు తీశారు, మైనంలో పళ్ళు పేర్చారు, గులాబీ రంగు అక్రిలిక్ కూరి ఉడికించారు. నా పుట్టుక అంతే.

నాతోపాటే పుట్టిన పై సెట్టుది మంచి రాత. అంగిలినంతా కప్పుకుని, లాలాజలపు పొర మీద గాలి చొరకుండా అతుక్కుపోతుంది. నాకా వీలు లేదు. ఒక పక్క నాలుక తోస్తుంది, మరో పక్క బుగ్గలు నెడతాయి. కూర్చోవడానికి దొరికింది సన్నటి చిగురు గట్టు. ఆ గట్టూ నిలవదు. పళ్ళు తీసేశాక వాటిని పట్టుకున్న ఎముక ఏటేటా అరిగిపోతుంది, మొదటి ఏడాది మరీనూ. కింది దవడ ముందు భాగం పై దవడకంటే దాదాపు నాలుగు రెట్లు అరుగుతుందని ఏళ్ళ తరబడి ఎక్స్‌రేలు తీసి చూసినవాళ్ళు తేల్చారు. నా కొలత అలాగే ఉంది, నా కింద నేలే కుంగిపోయింది.

ఇంట్లో నేరం మాత్రం నామీదే పడింది. జామ గింజ ఒక్కటి నా కిందకి దూరితే చాలు, చిగురు పుండు పడేది. మామ్మ నన్ను తీసి పక్కన పెట్టి అన్నం తినేది. నమలడానికి కట్టించుకున్న పళ్ళని తీసేసి భోజనం! ఆ తర్వాత పెళ్ళిళ్ళకే నేను గుర్తొచ్చేదాన్ని. “మామ్మా, పళ్ళు పెట్టుకో, ఫోటో తీస్తా” అనేది మనవరాలు. ఫోటో అవగానే మళ్ళీ కిటికీ గూట్లోకి, దువ్వెన పక్కన, చుక్క నీరు లేని డబ్బాలోకి. నేను ఆరిపోతే ఆకారం చెడుతుందని ఎవరికీ పట్టలేదు. అక్కడినుంచే వింటూండేదాన్ని, మామ్మ కూరను మిక్సీలో తిప్పుతున్న చప్పుడు. చేగోడీలు మానేసింది. వేరుశనగ గుళ్ళు మానేసింది. ఆవకాయ ముక్కని చీకి, చీకి, కంచం అంచున పెట్టేసేది.

“ఈ వయసులో ఇవన్నీ ఎందుకే?” అన్నా వినకుండా కోడలు ఆవిడను దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. షుగరు చూశారు, ఎముక చూశారు, కోర పళ్ళుండే చోట రెండు టైటానియం స్క్రూలు దింపారు.

ఆ లోహం గుణం 1952లో స్వీడన్‌లో బయటపడింది. పర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు ఎముకలో రక్తప్రసరణ చూడటానికి అమర్చిన టైటానియం పరికరం తీయబోతే ఊడి రాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో ఆయన గోస్టా లార్సన్ అనే రోగి దవడలో బిగించిన ఇలాంటి స్క్రూలు, అంటే ఇంప్లాంట్లు, 2006లో ఆ మనిషి పోయేదాకా పనిచేశాయి. 2002లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు, పళ్ళు లేని కింది దవడకి రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టే ముందుగా ఇవ్వాల్సిన వైద్యం అన్నారు. ఆ మాట తెలిశాక నా గుండె బరువు దిగింది. ఇన్నాళ్ళూ జారింది నా తప్పు కాదు. ఖర్చు మాత్రం ఇప్పటికీ చాలా ఇళ్ళకి అందనంత పెద్దది.

కొన్ని నెలలకి ఎముక స్క్రూలను పట్టుకుంది. నా అడుగున రెండు గుంతలు తొలిచి, నైలాన్ రింగులున్న లోహపు టోపీలు అమర్చారు. నోట్లో పెట్టి నొక్కగానే ‘టక్’మని కూర్చున్నాను. నాలుక నెట్టినా కదల్లేదు!

అయినా మామ్మ మెత్తన్నమే కలుపుకుంది. పట్టు వచ్చినంత మాత్రాన ఏళ్ళ అలవాటు పోదు, ఏం తినాలో పక్కన కూర్చుని చెప్పేవాళ్ళూ కావాలి. కోడలు కీరదోస సన్నగా తరిగి పెట్టింది. “రెండు పక్కలా నమలండి అత్తయ్యా, నెమ్మదిగా” అంది. కొన్నాళ్ళకి ఆవకాయ ముక్క నా పళ్ళ మధ్యకొచ్చింది. తొక్క, కండ, నూనె, ఆవఘాటు, అన్నీ నలిగాయి. కంచం అంచున టెంక పెంకు తప్ప ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు నా నైలాన్ రింగులు అరిగాయి, అరిగేవే అవి. మళ్ళీ కాస్త కదులుతున్నాను. స్క్రూల చుట్టూ చిగురు కూడా ఎర్రబడుతోంది, రోజూ బ్రష్షుతో శుభ్రం చేయాలి. “వచ్చే నెల చూద్దాంలే” అంటున్నాడు కొడుకు. రింగులు మార్చడం కాసేపటి పని. అందాకా నన్ను మాత్రం ఆ గూట్లోకి పంపకండి. రాత్రి తీసి, తోమి, చల్లటి నీళ్ళలో ఉంచండి, పొద్దున్నే పెసరట్టు వేళకి మామ్మకి అందివ్వండి.