సీమలో కోనసీమాయన

ప్రొద్దుటూరుకు బదిలీ ఆర్డరు వచ్చిందని తెలియగానే అమలాపురంలో మా బంధువులు పరామర్శకు బయల్దేరారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కాఫీ తాగి, నా భుజమ్మీద చెయ్యేసి, "ఇన్సూరెన్సు కడుతున్నావుగా?" అని అడిగారు. మా పెదనాన్న 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర' మొదటి ఆటే చూసిన మనిషి. రాయలసీమ మీద ఆయన పరిశోధన అంతా ఆ రెండు టిక్కెట్లతో అయిపోయింది. "సుమో కనబడితే రోడ్డు దిగిపో. ఎవరి మనిషివని అడిగితే బ్యాంకు మనిషినని చెప్పు" అన్నాడు. తర్వాత ఏం చెయ్యాలో ఆయనకూ తెలియదు. ఆ సినిమాల్లో బ్యాంకు ఆఫీసరు పాత్రలు లేవు మరి.

అయోవాలో పుట్టి ఇంగ్లండులో కాపురం పెట్టిన బిల్ బ్రైసన్ అనే అమెరికా ఆయన 1995లో ఆ దీవి జనం మీద ఒక పుస్తకం రాసి, వాళ్ళ చేతే కొనిపించాడు. ఆయనకు మధ్యలో మహాసముద్రం ఉంది. నాకు తిరుమల ఎక్స్‌ప్రెస్సు ఉంది. రాజమండ్రిలో సాయంత్రం ఎక్కి పడుకుంటే తెల్లారి కడపలో లేపుతుంది. పాస్‌పోర్టు మీద ముద్ర వేసేవాడెవడూ ఉండడు గానీ, ప్రొద్దుటూరులో ఇల్లు అద్దెకు అడిగినప్పుడు ఇమ్మిగ్రేషను తతంగమంతా ఒక్క వసారాలోనే పూర్తయింది.

"యా ఊరు సార్ మీది?"

"అమలాపురం అండి. కోనసీమ."

"కృష్ణా జిల్లానా?"

"కాదండి, గోదావరి."

"ఏదోకటి లే సార్, అన్నీ ఆ పక్కనే గదా. జీతమెంత?"

మా వైపు ఒకరి జీతం తెలుసుకోవాలంటే ముందు వాళ్ళ ఆరోగ్యం అడగాలి, తర్వాత పిల్లల చదువులు, ఆ పైన వర్షాలు. చివరికి అసలు ప్రశ్న వాళ్ళను కాకుండా పక్కింటివాళ్ళను అడగాలి. ఈయన సూటిగా అడిగేశాడు. అడిగి ఊరుకోలేదు, తనకొచ్చే అద్దెలు, బెంగుళూరులో కొడుకు జీతం, పెద్దకూతురి పెళ్ళికి పెట్టిన బంగారం కూడా చెప్పాడు. కాఫీ చల్లారేలోపు ఇద్దరి బ్యాలెన్సు షీట్లూ బయటపడ్డాయి. ఇంత పారదర్శకత మా ఆడిటర్లు కూడా ఎరగరు.

చేపల దగ్గర మాత్రం చిక్కొచ్చింది. అటువాళ్ళకీ ఇటువాళ్ళకీ నమ్మకం కుదరక 1937 నవంబరులో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారింట్లో కూర్చుని శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు కదా. నీళ్ళ సంగతి రాశారు, విశ్వవిద్యాలయం రాశారు, రాజధాని, హైకోర్టు రాశారు. అద్దె వాటాలో పులస పులుసు పెట్టుకోవచ్చా అన్నది రాయలేదు. ఆ లోటు మేమిద్దరం నోటిమాట మీద పూడ్చుకున్నాం: ఆదివారం మాత్రమే, కిటికీలు మూసి, ఒక గిన్నె కింద వాటాకు పంపాలి. ఒడంబడిక ఇంతవరకూ ఎవరూ ఉల్లంఘించలేదు. కింద వాటా గిన్నె మాత్రం ఏటేటా పెద్దదవుతోంది.

ప్రొద్దుటూరును పసిడిపురి అంటారు. ఆ పేరెందుకొచ్చిందో బజారులో నగల దుకాణాల వరస చూసినా తెలుస్తుంది గానీ, మా గోల్డ్‌లోను కౌంటరు దగ్గర నిలబడితే ఇంకా బాగా తెలుస్తుంది. చేను దగ్గర్నుంచి సరాసరి వచ్చిన ఒక పెద్దావిడ కొంగుముడి విప్పి నల్లపూసల దండ బల్లమీద పెట్టింది. అప్రైజరు గీటురాయి తీశాడు. గీశాడు, చుక్క వేశాడు, మళ్ళీ గీశాడు. మూడోసారి రాయి ఎత్తగానే ఆవిడ అతని మణికట్టు పట్టుకుంది. "22 క్యారెట్లే నాయనా. గీకింది చాల్లే. ఆ రాయికి అంటుకున్న బంగారం ఎవురిది?" మా సర్క్యులర్లన్నీ తిరగేశాను. ఆ ప్రశ్నకు జవాబు లేదు.

మైసూరు తర్వాత దసరా అంటే మాదేనని ఈ ఊరివాళ్ళు ఎంత ఖాయంగా చెప్తారంటే, మైసూరువాళ్ళు ఎదురుగా ఉన్నా తలూపి వెళ్ళిపోవాల్సిందే. అమ్మవారిశాలకు మా ఆవిడ వాసవీమాత అలంకారం చూడ్డానికి వెళ్ళింది. తిరిగొచ్చాక అమ్మవారి నగల గురించి రెండు ముక్కలు, దర్శనానికొచ్చిన ఆడవాళ్ళ నగల గురించి రెండు గంటలు చెప్పింది. నెలాఖరుకు గోల్డ్‌లోను కౌంటరులో నేను అటువైపు నిలబడ్డాను.

గోదావరివాడినన్న గర్వంతో ఓసారి నోరు జారి, తెలుగు కవిత్వం పుట్టిందే మా రాజమండ్రిలో అన్నాను, నన్నయను అడ్డం పెట్టుకుని. ఇంటాయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. పుట్టపర్తి నారాయణాచార్యులు 'శివతాండవం' కట్టింది ఇదే ఊళ్ళో, అగస్త్యేశ్వరస్వామి గుడిలో ప్రదక్షిణలు చేస్తూనని మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి వెళ్ళి, ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళలో ఆగాడు. రేనాటి చోళుడు ధనంజయుడు వేయించిన శాసనం అక్కడుంది. క్రీ.శ. 575 నాటిది, ఇప్పటికి దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిదంటారు. "మీ నన్నయ్య పదకొండో శతాబ్దం గదా సార్. లెక్కెయ్యండి. మీరు మాట్లాడేది మా తెలుగే. గోదావరి పక్కనే ఉండాది గాబట్టి రొంత నీళ్ళు కలుపుకున్నారు."

లండను వీధిలో అమెరికావాడికి కూడా ఇలాంటి మాట ఎవరో ఒకరు అనే ఉంటారు. వాళ్ళ దగ్గర రాతిమీద చెక్కిన సాక్ష్యం ఉండి ఉండదు.

తిండి సంగతి. ఎర్రకారం దోశ గురించి నేను చెప్పేదేమీ లేదు, తిన్నంతసేపూ నేను మాట్లాడే స్థితిలో లేను. సంగటి వేరు. ఒక రైతు ఇంట్లో ఆవిరి కక్కుతున్న రాగి ముద్ద పళ్ళెంలో పెట్టి, నడుమ బొటనవేలితో గుంట చేసి, అందులో నెయ్యి పోసి, చుట్టూ నాటుకోడి పులుసు వడ్డించారు. నేను తుంచి, నోట్లో పెట్టుకుని, శ్రద్ధగా నమలడం మొదలెట్టాను. గడప దగ్గర కూర్చున్న అవ్వ కాసేపు చూసింది. "యాంది నాయనా అది, ఆవు నెమరేసినట్టు? పులుసులో అద్ది మింగల్ల." మింగాను. దాని ప్రయాణం మొత్తం, స్టేషను స్టేషనూ, నాకు తెలిసింది. కడుపు నిండిందని చెయ్యి అడ్డం పెడితే ఇక్కడ దానర్థం ఇంకో ముద్ద వెయ్యమని. మా పెదనాన్న భయపడాల్సింది సుమోలకు కాదు, ఈ వడ్డనకు.

డాలస్ నుంచి మా మేనల్లుడొస్తే జమ్మలమడుగు తీసుకెళ్ళాను. అక్కణ్ణుంచి గండికోట 15 కిలోమీటర్లు. ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసుకుంటూ పోయిన చోటు. వాడు లోయ అంచున నిలబడి సెల్ఫోను తీసి, "అచ్చం గ్రాండ్ కాన్యనే మావయ్యా" అన్నాడు. వెనకే ఆటో డ్రైవరు ఉన్నాడు. "అమెరికాలో కూడా ఒక గండికోట ఉందంట గదా సార్. చూసినోళ్ళు చెప్తాండారు. దాంట్లో మసీదూ, మాధవరాయస్వామి గుడీ ఉన్నాయా?" లేవని ఒప్పుకున్నాడు మావాడు. "మరి ఉట్టి గుంతకేనా టిక్కెట్టు?" అన్నాడు డ్రైవరు.

పరాయివాళ్ళు ఇక్కడికి రావడం కొత్తేం కాదు. ఫ్రాన్సు నగల వర్తకుడు తావెర్నియే 1652లో మీర్ జుమ్లాను కలుసుకోవడానికి గండికోట దాకా వచ్చాడు. నగల వర్తకుడు ప్రొద్దుటూరులో ఆగకుండా కోటకు ఎలా పోయాడన్నది నాకిప్పటికీ అంతుపట్టదు. జమ్మలమడుగులో లండన్ మిషను దొరలు పెట్టిన క్యాంప్‌బెల్ ఆస్పత్రి ఉంది, వై.ఎస్. రాజశేఖరరెడ్డి డాక్టరుగా కొన్నాళ్ళు పనిచేసింది అక్కడే. మే నెలలో బండల మిద్దె కింద అర్ధరాత్రి దాకా విసనకర్రతో కొట్టుకునేటప్పుడు నాకు రాజకీయాలు గుర్తురావు, ఆ దొరలే గుర్తొస్తారు. లండను చలికి కుట్టించుకున్న కోట్లు వాళ్ళిక్కడ ఏ చిలక్కొయ్యకు తగిలించారో!

పులివెందుల శాఖలో మేనేజరు సెలవు పెడితే నన్ను డెప్యుటేషను మీద పంపారు. అది చీనీ తోటల రాజ్యం. చీనీకి నీళ్ళు కావాలి, నీళ్ళకు బోరు కావాలి, బోరుకు అప్పు కావాలి. అందుకని ఒక రైతు చేను చూడ్డానికి వెళ్ళాను. పాత బోర్లు వరసగా ఎండిపోయి ఉన్నాయి, ఒకటి వెయ్యి అడుగులు దిగిందట. నీళ్ళు చూసే ఆయన చెప్పులు విడిచి, పిలక ఉన్న టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తున్నాడు. కింద జల ఉన్న చోట కాయ లేచి నిలబడుతుందని లెక్క. మా ఊళ్ళో గునపంతో నాలుగు పోట్లు పొడిస్తే నీళ్ళొస్తాయి, కొబ్బరికాయను ఎవరూ సలహా అడగరు.

"సార్ కోనసీమోళ్ళంట" అన్నాడు రైతు. "పుట్టిన్నుంచీ టెంకాయల్లోనే పెరిగినోళ్ళు. సార్ చేతిలో పెట్టి చూడు సామీ, వాళ్ళ మాటైతే వింటాదేమో."

రూల్సు ఒప్పుకోవన్నాను. కాయ అప్పటికే నా చేతిలో ఉంది. బూట్లు విప్పించారు. రైతు, ఆయన భార్య, రిగ్గు కుర్రాళ్ళు, రెండు మేకలు నా వెంట. ఆ ఎండలో నేను నడిచాను. కాయ కదల్లేదు. వేపచెట్టు దాటాక మట్టిపెళ్ళ కాలికి తగిలి ముందుకు తూలాను.

"లేచింది!" అని అరిచారందరూ.

"కాయ లేవలేదండి, నేను తూలాను" అని మొత్తుకున్నా వినలేదు. అక్కడ సున్నంతో గుర్తు పెట్టారు. ముందు సామి చూపించిన చోట వేశారు, తెల్లటి దుమ్ము లేచింది. రిగ్గు వేపచెట్టు పక్కకు జరిగింది. సాయంత్రానికి అక్కడ నీళ్ళు పడ్డాయి. సామి కూలి మాత్రం తనే తీసుకున్నాడు, తూలింది ఎవరైనా కాయ తనది కదా అని.

మేనేజరు సెలవు నుంచి వచ్చేశాడు, నేను ప్రొద్దుటూరు చేరుకున్నాను. అయినా లింగాల, సింహాద్రిపురం వైపు నుంచి ఫోన్లు ఆగలేదు. "సార్, లోను వద్దు గానీ, ఒకసారి వచ్చి మా చేన్లో రొంత తూలి పోండి."