మర్రిగూడ నీళ్లు తాగిన లక్కీ బాంబూని

నన్ను లక్కీ బాంబూ అంటారు గానీ నాకు వెదురుతో ఏ చుట్టరికమూ లేదు. నాది డ్రసీనా జాతి. మా పూర్వికులు మధ్య ఆఫ్రికాలో పెద్ద చెట్ల నీడన పెరిగారు. చైనా, తైవాన్ తోటల్లో మా కాండాలకు ఒక పక్క నుంచే వెలుతురు తగిలేలా చూసి, మెలికలు తిప్పించి, ఎర్ర దారం కట్టి దేశదేశాలకూ పంపుతుంటారు. నేను నల్లగొండలోని ఒక నర్సరీ నుంచి గృహప్రవేశం కానుకగా మర్రిగూడ మండలంలోని ఈ ఇంటికి వచ్చాను. టీవీ బల్ల మీద గాజు గ్లాసు, అందులో నాలుగు గులకరాళ్లు, నీళ్లు. అదే నా చోటు.

నాకంటే ముందే ఆ బల్ల మీద ఒక ప్లాస్టిక్ మొక్క ఉంది. దాని మంచి దానికి ఉంది. ఇల్లంతా తాళం వేసుకుని పెళ్లికి పోయినా దానికి దిగుల్లేదు. మే నెల ఎండలకు గోడలు సెగలు కక్కినా వాడదు. వెలుతురు చొరని మూల గదిలోనైనా ఉంటుంది. నేను అట్లా ఉండలేను. నా గ్లాసులో నీళ్లు వారం వారం మార్చకపోతే దోమలు గుడ్లు పెడతాయి. 2001లో కాలిఫోర్నియాకు ఓడల్లో వెళ్లిన మా లక్కీ బాంబూల నీళ్లతోనే ఏషియన్ టైగర్ దోమ అక్కడికి చేరింది. బతికున్న మొక్కను తెచ్చుకునేవాళ్లు ఈ సంగతి తెలిసే తెచ్చుకోవాలి.

ఈ ఇంట్లో తాగడానికి మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు, మిగతా పనులన్నింటికీ బోరు నీళ్లు. నాకూ బోరు నీళ్లే పోసేవారు. కొన్నాళ్లకు నా ఆకుల కొసలు పసుపెక్కి, గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే పొడిగా విరిగేలా ఎండాయి. వేళ్లు పీల్చిన నీళ్లలోని ఫ్లోరైడ్ కాండం గుండా ఆకుకు ఎక్కుతుంది. నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడ్ మాత్రం ఆకు అంచుల్లో, మొనల్లో పేరుకుపోతుంది. అక్కడి కణాలు చచ్చిపోతాయి. ఒకసారి మాడిన మొన మళ్లీ పచ్చబడదు. డ్రసీనాలు, స్పైడర్ ప్లాంట్, పీస్ లిల్లీ దీనికి తొందరగా లొంగిపోతాయి.

ఇంటి కొడుకు నన్ను చూసి, "అమ్మా, ఇది ఎండిపోతున్నది. తీసేసి ఇంకో ప్లాస్టిక్‌ది పెడ్త" అన్నాడు. నడుము వంగిపోయిన ఆ తల్లి మెల్లగా వచ్చి, నా ఆకు మొనను రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూసింది.

"వద్దు కొడుకా. నా పండ్లు గూడ గిట్లనే గార పట్టినయ్. ఇది గూడ మన నీళ్లే తాగింది. నీళ్లు మార్చి చూడు."

ఈ నేల కింది రాతిపొరల్లోని ఫ్లోరైడ్ బోర్లలోకి దిగి తరాల తరబడి పళ్లను, ఎముకలను తినేసింది. పటికతో, సున్నంతో ఆ నీటిని తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసింది. దానికి ఈ జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో నిలబెట్టారు. ఆ తర్వాత కృష్ణ నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి. వంగిన నడుములను ఏ నీళ్లూ నిటారుగా చేయలేవు. పిల్లల పళ్లనైనా కాపాడుకోవచ్చు.

నాకు వాననీళ్లు పట్టి పోశారు. పాత మొనలు అట్లాగే ఉన్నాయి, నడిమి నుంచి వచ్చిన కొత్త ఆకులు మాత్రం చివరిదాకా పచ్చగా ఉన్నాయి. బోరు నీళ్లు కాచి పోసినా లాభం లేదు. కాచినకొద్దీ నీరు తగ్గి ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. రాత్రంతా బిందెలో ఉంచితే క్లోరిన్ తగ్గుతుందేమో గానీ ఫ్లోరైడ్ ఎటూ పోదు.

మొక్కలు ఇంటి గాలిని శుభ్రం చేస్తాయని అమ్మేవాళ్లు చెబుతుంటారు. నాసా వాళ్లు 1989లో చెప్పింది గాలి చొరకుండా మూసిన పెట్టెల్లో చేసిన పరీక్షల ఫలితం. తలుపులు, కిటికీలు ఉన్న ఇంట్లో నేనొక్కదాన్ని అంత పని చేయలేను. నేను చేయగలిగింది వేరే ఉంది. ఈ ఇంటి నీళ్లు తాగి, వాటి మంచి చెడ్డ నా ఒంటి మీద చూపించగలను. పక్కనున్న ప్లాస్టిక్ మొక్కకు అది సాధ్యం కాదు. అందుకే వెలుతురు రాని మూలకు దాన్ని పెట్టుకోండి, మీరు రోజూ కూర్చునే చోట మాత్రం ఒక ప్రాణమున్న మొక్కను ఉంచండి. బోరు నీళ్లే దిక్కయితే మనీ ప్లాంట్ పెట్టుకోండి, అది నాలాగా తొందరగా మాడిపోదు.

ఆకు మొన మాడిందంటే ఫ్లోరైడే అనుకోవద్దు. వడగాలికీ మాడుతుంది, ఎరువు ఎక్కువైనా మాడుతుంది. తేల్చేది నీటి పరీక్షే. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండొచ్చు, వేరే నీటి దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. మీ ఇంట్లో మొక్క మొనలు మాడుతుంటే, ముందు ఒక సీసాలో బోరు నీళ్లు పట్టి పరీక్షకు పంపండి. మొక్కను పారెయ్యడం సంగతి తర్వాత చూసుకోవచ్చు.