గోలమ్ చతుష్పది: టీకాతాత్పర్య సహితము

అవతారిక: ఎవ్వరైనను దిద్దదగిన పుటలను 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ లోకమునకు ప్రసాదించెను, ఏ దిద్దుబాటును మరవని గిట్‌ను 2005లో లినస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కెర్నెల్ నిమిత్తము నిర్మించెను. ఈ రెంటిని జోడించి గిట్‌హబ్ వారు తమ వికీల కొరకై రూబీ భాషలో వ్రాసి 2010లో వెలువరించినది గోలమ్. దానిని స్వంత సర్వరుపై నెలకొల్పు విధానము నెఱిగించు ఈ చతుష్పదికి ఇంతదనుక టీక లేకుండుట విచారకరము. మూలమున లేనిది వ్రాయనని కోలాచల మల్లినాథసూరి ప్రతిన పట్టెను. మూలము నాలుగే పంక్తులగుటచే మాకది సాధ్యము గాదు.

మూలము:

జెమ్ ఇన్‌స్టాల్ గోలమ్
గిట్ ఇనిట్ వికీ
సీడీ వికీ
గోలమ్

టీక: జెమ్ ఇన్‌స్టాల్ గోలమ్ = రూబీ భాండారమునుండి గోలమును తెచ్చి ప్రతిష్ఠించి; గిట్ ఇనిట్ వికీ = వికీ యను పేరుగల రిపోను సృజించి; సీడీ వికీ = అందు ప్రవేశించి; గోలమ్ = గోలమ్ అనవలెను. అంతట లోకల్‌హోస్ట్ 4567వ పోర్టున వికీ సాక్షాత్కరించునని శేషము.

యతిప్రాసలు లేవు గనుక ఇది వచనమని కొందరందురు. ఒక్క యక్షరము తప్పినను ఫలింపనిది మంత్రమగును గాని వచన మెట్లగును?

శంక: పుటను ఎడిటరులో వ్రాసి సేవ్ చేసితిమి, ఫైలు ఫోల్డరులో కన్నులయెదుటనే యున్నది, ఎన్నిమారులు రిఫ్రెష్ చేసినను బ్రౌజరులో కానరాదేమి?

సమాధానము: గోలమ్ చూచునది ఫోల్డరును గాదు, గిట్ చరిత్రను. కమిట్ కాని పుట దాని దృష్టిలో పుట్టనే లేదు. యాడ్, కమిట్ అను సంస్కారములు జరిగిన పిమ్మటనే దర్శనము. బ్రౌజరులోనే దిద్ది సేవ్ నొక్కువారికి ఆ సంస్కారములను గోలమే జరుపును గనుక వారికి ఈ శంక జనింపదు.

తాత్పర్యము: తాళపత్ర ప్రతులలో ఏ పాఠము కవిదో, ఏది నిద్రమత్తులోనున్న లేఖకునిదో తేల్చుకొనలేక తరతరముల పండితులు తలలు పట్టుకొనుచుండగా, వేమన పద్యములను 1829లో అచ్చొత్తించుటకు బ్రౌను దొర ప్రతులపై ప్రతులు సేకరించి సరిచూడవలసిరాగా, ఇచ్చట ప్రతి పాఠాంతరమునకును కాలము, కర్త, 40 అక్షరముల గుర్తు తమంతట తామే లభించుచున్నవి. పరిష్కర్తకు ఇంతకన్న భాగ్యమేమి? ఐనను, ఏల మార్చితివని యడుగు గడి యొకటి గోలమ్ పెట్టినను దానిని నింపువా డరుదు. ‘అప్‌డేటెడ్ హోమ్’ అని యంత్రము ముందుగా వ్రాసియుంచిన మాటనే యందరును వదలివేయుదురు గావున, చరిత్రను విప్పిచూచినచో అదే మాట పల్లవివలె పైనుండి క్రిందివరకు కనబడును.

విశేషము: గోలమ్ తనంతట పాస్‌వర్డ్ అడుగదు, వచ్చినవారెల్లరి దిద్దుబాట్లను ఒక్క పేరిటనే కమిట్ చేయును. కావున ముందు ఎన్‌జిన్‌ఎక్స్‌ను కావలియుంచక 4567ను లోకమునకు తెరువరాదు. ఉంచినను, ఎవరు దిద్దిరో గోలమునకు వేరుగా తెలుపనిచో కర్తృనిర్ణయము మరల పండితులపైననే పడును.

మరియు మూలమున గిట్ పుష్ ప్రస్తావన లేదు. చరిత్రయంతయు ఆ సర్వరు డిస్కులోనే యుండుటచే, డిస్కు పోయిననాడు పుటలును పాఠాంతరములును కలిసియే పోవును. వేరొక యంత్రమున రిమోట్ నేర్పరచి రాత్రివేళ క్రాన్‌చే పుష్ చేయించువారు కలరు. ఐదవ పంక్తి యగుటచే దానిని చతుష్పదిలో చేర్పలేదని తోచుచున్నది.