మూడు గదుల గోడను

సికింద్రాబాదులో, వెస్ట్ మారేడుపల్లిలో, పడమటి వాకిలి ఉన్న పాత ఇంట్లో దక్షిణం వైపు గోడను నేను. వీపు బయటికి, ముఖం ఇంట్లోకి. ముందుగది దగ్గర మొదలై ఆగ్నేయంలోని వంటింటి దాకా ఒకే బారున సాగుతాను. అయినా చాలా ఏళ్ళు నన్నెవరూ ఒక్క గోడగా చూడలేదు. రెండు అడ్డగోడలు నన్ను మూడు ముక్కలుగా పంచుకున్నాయి. ఒక్కో ముక్కకూ ఒక్కో రంగు, ఒక్కో దీపం.

1966లో దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాదు కేంద్రంగా ఏర్పడింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు రైల్ నిలయంలో ఉద్యోగానికి వచ్చిన పెద్దాయన కట్టించిన ఇల్లిది. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, పైన స్లాబు, కింద షాబాదు బండలు. ఆ బండల బూడిదరంగు నా కథలో తర్వాత మళ్ళీ వస్తుంది.

నా ఒంటికి మొదట తగిలింది సున్నం. దసరా ముందు పెరట్లో డ్రమ్ము పెట్టి రాళ్ళసున్నం మీద నీళ్ళు పోస్తే కుతకుతా ఉడికేది. మర్నాడు గుడ్డలో వడగట్టి బంక కలిపేవారు, చివర్లో చిటికెడు నీలిమందు. వేసేటప్పుడు సున్నం నీళ్ళలా పారదర్శకంగా ఉంటుంది, కింది మరకలన్నీ కనబడుతూనే ఉంటాయి. ఆరుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని గట్టిపడుతుంది, అప్పుడు గానీ తెలుపు పైకి తేలదు. ఆ తెలుపులో మిగిలిన పసుపు జీరను నీలిమందు అణిచేస్తుంది. అరవై వాట్ల బల్బు పచ్చటి వెలుగులో కూడా గోడ తెల్లగా కనబడాలంటే ఏం చేయాలో ఆ సున్నమేసేవాళ్ళకు చేతికే తెలుసు. రంగుకూ దీపానికీ ఉన్న ముడి నాకు వాళ్ళ దగ్గరే అర్థమైంది.

తర్వాత డిస్టెంపర్ల కాలం. ఆర్.కె. లక్ష్మణ్ 1954లో గీసిన గట్టు అనే పెయింట్ ప్రకటనల బుడతడు, చేతిలో కుంచె, డబ్బాతో ఊరంతా తిరుగుతున్న రోజులు. ముందుగదిలో నేను పిస్తా రంగు, నడిమి గదిలో లేత నీలం, వంటింట్లో పొగ కడుక్కోవడానికి వీలుగా మీగడరంగు ఆయిల్ పెయింట్. ట్యూబులైటు వచ్చాక నీలం బాగా తేరుకుంది, మీగడరంగు మాత్రం పాలిపోయింది. గదులు వేరు కనక ఎవరికీ పట్టలేదు.

పెద్దాయన పోయాక కొడుకూ కోడలూ ఈ మూడు గదులనూ ఒకే హాలుగా విప్పాలనుకున్నారు. ఇంజనీరు వచ్చి చూశాడు. ఒకటి నాలుగున్నర అంగుళాల ఉత్త అడ్డగోడ, రెండోది స్లాబు బరువు మోస్తున్న గోడ. దాని స్థానంలో ఇనుప గర్డరు ఎక్కించి, బరువు దాని మీదికి మళ్ళించాకే సుత్తి పడింది. పాత ఇళ్ళలో ఈ తేడా చూడకుండా గోడ కొట్టకూడదు, నేను గట్టిగా చెప్పే మాట ఇది. అడ్డగోడలు పోయాయి. మచ్చల మీద లప్పం పెట్టారు. సాయంత్రం దీపాలు వేయగానే చూస్తే, నేను మళ్ళీ మూడు ముక్కలే!

ముందుగదిలో మూడు వేల కెల్విన్ల పచ్చటి ఎల్‌ఈడీ, నడుమ పాత ట్యూబులైటు, వంటింట్లో ఆరున్నర వేల కెల్విన్ల తెల్ల బల్బు. ప్రైమర్ ఒకటే, దాని మీద వెలుగు మూడు రకాలు. అడ్డగోడలు చేసిన పనినే ఇప్పుడు దీపాలు చేస్తున్నాయి. ఎంత ఖరీదైన రంగు తెచ్చినా దీనికి జవాబు చెప్పదు. ముందు దీపాలు తేల్చుకుని తర్వాత రంగు చూడాలని నేను అనేది అందుకే. జనం దాదాపు ఎప్పుడూ ఈ పనిని తలకిందులుగా చేస్తారు.

కోడలు రాణిగంజ్ నుంచి షేడ్ కార్డులు తెచ్చింది. ఆమె మనసు నీలిజీర ఉన్న బూడిదరంగు మీద ఉంది. పెయింటర్ మేస్త్రీ కార్డు ముక్కను నమ్మనివ్వలేదు. పెద్ద ప్లైవుడ్ ముక్కకు ఆ రంగు రెండు పూతలు వేసి, నా వెంట మెల్లగా జరుపుతూ చూపించాడు. ప్రైమర్ పడకముందు నా పాత పిస్తా మీదే నమూనా పూసి ఉంటే, పక్కనున్న ఆకుపచ్చ కంటిని మోసం చేసేది. వంటింటి తూర్పు కిటికీ దగ్గర ఆ బూడిదరంగు హాయిగా ఉంది. పడమటి కిటికీ దగ్గరా ఫర్వాలేదు. నడుమకు వచ్చేసరికి మబ్బు పట్టినట్టయింది. నాకు వెలుతురు రెండు కొసల నుంచే వస్తుంది, ఎదురుగా ఉన్నవి పడకగదులు. కార్డు వెనక ఎల్‌ఆర్‌వి అని ఒక అంకె ఉంటుంది, పడిన వెలుతురులో నూటికి ఎంత తిప్పి పంపుతుందో చెప్పేది. ఆ బూడిదరంగుకు నలభై ఐదు. అంటే సగం పైగా మింగేస్తుంది. దానికి తోడు షాబాదు బండల నుంచి లేచే చల్లటి వెలుగు. తెరిచిన హాలులో రంగును అన్నిటికన్నా చీకటి చోటే నిర్ణయించాలి.

అప్పుడు జనవరి. మేస్త్రీ ఇంకో మాట అన్నాడు: "ఎండకాలంల పొద్దుగాల ఈ గోడకే ఎండ గొడ్తదమ్మా. ఇప్పుడు సూశి తీసుకోకుండ్రి." అక్షరాలా నిజం. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయాన లేచి నైరుతిన వాలతాడు. ఆ కిరణాలు నన్ను దాటి ఎదుటి గోడ మీద పడతాయి, నాకు అందేది అది తిప్పి పంపిన వెలుగే. మన ఊరు పదిహేడున్నర డిగ్రీల అక్షాంశం దగ్గరుంది. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకు నీడ పడదు. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు రోజంతా ఉత్తరం పక్కనే నడుస్తాడు, ఉదయం సాయంత్రం ఉత్తరానికి తిరిగిన నా ముఖం మీదికే వస్తాడు. ఉత్తరపు వెలుతురు ఏడాదంతా చల్లగా, నిలకడగా ఉంటుందని చలిదేశాల పుస్తకాలు చెప్పే మాట ఇక్కడ చెల్లదు.

ఇక కోడలి అత్తమ్మ కళ్ళు. ఆమెకు ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండో కన్ను ఇంకా కాలేదు. చివరికి తేలిన రెండు రంగుల ప్లైవుడ్ పలకలను నాకు ఆనించి అడిగితే, ఆమె ఒక కన్ను మూసుకుని చూసింది, తర్వాత రెండోది మూసుకుని చూసింది. "బిడ్డా, ఈ కంటికి తెల్లగ ఉంది. ఈ కంటికేమో మీగడరంగు కనబడుతుంది. ఏది నిజం?" కోడలు నవ్వబోయి ఆగిపోయింది. వయసు మీద పడేకొద్దీ కంటి కటకం పసుపుబారి నీలాన్ని ఆపేస్తుంది, ఆపరేషన్‌తో అది పోతే తెలుపు ఒక్కసారిగా చల్లబడుతుంది. రెండూ నిజమే. ఇంట్లో అందరి కళ్ళూ ఒక్క తీరున చూడవన్న సంగతి ఆ గదిలో నా ముందే తేటపడింది. ఆ సాయంత్రమే కోడలు ఆ బూడిదరంగును నా మీద నుంచి తప్పించి వంటింటి కప్‌బోర్డుల తలుపులకు ఇచ్చింది. అక్కడది ఎంతో అందంగా ఉంది.

దీపాలు ఈ కొస నుంచి ఆ కొసకు అన్నీ నాలుగు వేల కెల్విన్లవే పెట్టారు. తెల్ల ఎల్‌ఈడీలో అసలు పుట్టేది నీలం వెలుగు, దాని మీది పచ్చటి పూత దాన్ని తెలుపు చేస్తుంది. నాసిరకం వాటిలో ఎరుపు పాలు తక్కువై కంచంలో ఆవకాయ మట్టిరంగుకు దిగిపోతుంది. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె సీఆర్‌ఐ, అది తొంభై ఉన్నవి వెతికి తెచ్చారు. అత్తమ్మ కూరగాయలు తరిగే గట్టు మీద అల్మారా కింద వేరే పట్టీదీపం. కంటికి ఇబ్బందైతే ఇంకా తెల్లటి బల్బు కొనడం కన్నా పని దగ్గర వెలుతురు పెంచడమే మేలు.

రంగు వేసే ముందురోజు రాత్రి మేస్త్రీ వైరు చివర బల్బు పట్టుకుని, దాన్ని నా ఒంటికి దాదాపు ఆనించి అడుగడుగూ జరిపాడు. ఎదురుగా చూస్తే కనబడని లప్పం మిట్టపల్లాలు పక్కవెలుగులో అలల్లా లేచాయి. పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, ఎమరీ పేపరుతో తెల్లారేదాకా రుద్దాడు. నా మీద ఎండ పక్కనుంచే పడుతుంది కనక మెరుపున్న పెయింట్ వద్దన్నాడు. హాలు మేరకు మ్యాట్, వంటింటి మేరకు అదే షేడులో కడిగితే పోని రకం. రెండూ గర్డరు కింది స్తంభం దగ్గర కలుస్తాయి. సీలింగు దీపాలను కూడా నాకు రెండడుగుల దూరంలో దించారు. అడుగు లోపు పెట్టి ఉంటే, ఆయన రుద్దిన రాత్రంతా దండగయ్యేది.

చివరికి నా రంగు వెచ్చటి జీర ఉన్న తెలుపు, ఎల్‌ఆర్‌వి డెబ్బై ఎనిమిది. షేడ్ నంబరు, బేస్ పేరు, బ్యాచ్, దీపాల కెల్విన్లు అన్నీ కోడలు ఒక కాగితం మీద రాసి స్విచ్‌బోర్డు అల్మారా తలుపు లోపల అంటించింది. ఒక డబ్బాలో పావు లీటరు మిగిల్చి మూత బిగించారు. మరో బ్యాచ్‌లో కలిపిన అదే షేడు ఎండలో కలిసిపోయి దీపం కింద తేడా చూపించవచ్చు. అందుకే చిన్న గీతలు పడితే ఆ డబ్బాలోంచే దిద్దాలని కాగితం అడుగున రాసి ఉంది.